మూడో రోజుకి చచ్చే బ్యాటరీ

ఆ గురువారం పొద్దున తాళం తిప్పితే కారు ఒక్కసారి టిక్కుమని ఊరుకుంది. మళ్ళీ తిప్పాను. ఈసారి ఆ టిక్కు కూడా లేదు. స్టీరింగు వెనక వెలిగే ఎర్ర దీపాలు నీరసంగా మినుకుమని నేను చూస్తుండగానే ఆరిపోయాయి. పక్క సీట్లో మా ఆవిడ చేతికర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని తయారుగా కూర్చుంది. ఆవిడ మోకాలికి ఊరి మధ్య సాక్చిలో ప్రతి గురువారం ఫిజియోథెరపీ. ఆటో మెట్టు ఎక్కడానికి ఆ మోకాలు లేవదు. అందుకని కారు.

"ఏటయిందండీ?"

"బ్యాటరీ."

"మొన్ననే కదేటి కొత్తది ఏయించినారు?"

ఆవిడ మొన్న అంటే కిందటి ఏడాది. అయినా ఆవిడ మాటలో తప్పులేదు. ఏడాది బ్యాటరీ చచ్చిపోయే వయసు కాదు.

నేను హిందీ మాట్లాడే ఈ ఊరి కార్ఖానాలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్సులో పనిచేసి రిటైరయ్యాను. క్రేను మోటార్లు, వాటి ప్యానెళ్ళు, కేబుళ్ళు, అవే నా లోకం. అందుకని కారు కదలకపోతే నాకు ముందుగా కలిగేది కోపం కాదు. కరెంటు ఊరికే ఎక్కడికీ పోదు. పోయిందంటే ఏదో ఒకటి దాన్ని తాగింది. అది ఏది, ఏ దారిన తాగింది అన్నది తేలేదాకా నాకు అన్నం సయించదు.

మా అమ్మాయి కుటుంబం మా భాలుబాసా పేట ఇంట్లోనే మేడమీద ఉంటుంది. అమ్మాయి స్కూల్లో టీచరు. స్కూటీ తీయడానికి కిందికి వచ్చి, బానెట్ ఎత్తి నిలబడ్డ నన్ను చూసింది.

"లైట్ బంద్ చెయ్యడం మరిచిపోయుంటావు నాన్నా. కోయీ బాత్ నహీ."

ఆ "కోయీ బాత్ నహీ" ఉంది చూశారూ, అది నాకు గుచ్చుకుంది. పసిపిల్లలు పాలు ఒలకబోస్తే, ఫర్వాలేదులే అనే మాట అది.

లోపలికి వెళ్ళి డైరీ తీశాను. కారు చివరిసారి తీసింది సోమవారం. ఆ రోజు పేజీలో చివరి వాక్యం నా చేతిరాతలోనే ఉంది: "కారు షెడ్డులో పెట్టాను. లైట్లు ఆపాను. నాలుగు తలుపులూ చూశాను." అయితే ఆ ముందు ఆదివారం పేజీలోనూ అదే వాక్యం ఉంది. దాని ముందు శనివారంలోనూ అదే. పాత డైరీలు తీస్తే ఎన్నో ఏళ్ళుగా అదే వాక్యం. చూసి రాస్తున్నానా, లేక చెయ్యి అలవాటు కొద్దీ రాసుకుపోతోందా?

ఈ అనుమానానికి ఒక కారణం ఉంది. మా పెద్దన్నయ్య కూడా ఈ కార్ఖానాలోనే చేశాడు. చివరి సంవత్సరాల్లో కళ్ళజోడు బియ్యం డబ్బాలో పెట్టి, ఎవరో దొంగిలించారని ఇల్లంతా ఎత్తిపోసేవాడు. డబ్బాలోంచి తీసి చూపిస్తే, అక్కడ నేను పెట్టలేదని ఒట్టు వేసేవాడు. ఆ ఒట్టులో అబద్ధం లేదు. మరిచిపోయినవాడికి, మరిచిపోయానన్న సంగతి గుర్తుండదు. అమ్మాయి తన పెదనాన్నను దగ్గరుండి చూసింది. నన్ను చూసే చూపులో ఆయన్ని చూస్తోందని నాకు తెలుసు.

కాబట్టి ఆ రోజునుంచి నేను వెతికింది కరెంటు ఒక్కదాన్నే కాదు.

మా కార్ఖానాలో ప్రతి యంత్రానికీ ఒక రిజిస్టరు ఉండేది. ఎప్పుడు నడిచింది, ఎప్పుడు ఆగింది, ఎవరు చూశారు, అన్నీ అందులో రాయాలి. యంత్రం దగ్గరే దాని పుస్తకం ఉండాలన్నది నియమం. యంత్రాలన్నిటికీ చేసే విశ్వకర్మ పూజ రోజున మా సెక్షనులో పాత రిజిస్టర్లు మూసి, కొత్తవాటికి నాలుగు మూలలా పసుపు రాసి మొదలుపెట్టేవాళ్ళం. రిటైరయ్యాక నాకు మిగిలిన యంత్రం కారు ఒక్కటే. దానికీ ఒక పుస్తకం పెట్టాను. ఎడమ సీటు ముందుండే డాష్‌బోర్డు అరలో పెట్టుకుంటాను. తిరిగిన కిలోమీటర్లు, పోసిన పెట్రోలు, టైర్లలో గాలి అందులో రాస్తాను. మావాళ్ళు సొంత ఊళ్ళో ఉన్నప్పుడు దసరాకి వాహనపూజ చేసేవారు. ఇక్కడికి వచ్చాక విశ్వకర్మ పూజకీ చేస్తాం, దసరాకీ చేస్తాం. మా కారుకి ఏడాదికి రెండు పూజలు. ఈ ఏడు విశ్వకర్మ పూజకి మా ఆవిడ ఎప్పుడూ కొనే పల్చటి నోటుపుస్తకం కాకుండా మంచి గట్టి అట్ట రిజిస్టరు తెప్పించి, పసుపు రాసి నా చేతికిచ్చింది. మొదటిసారి కారు మొరాయించింది ఆ పూజ అయిన రెండో వారంలో.

ఛార్జరుతో బ్యాటరీ నింపి, మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టాను. అరలోంచి పుస్తకం తీసుకుని, అర మూసి, స్టూలు వేసుకుని కూర్చుని, టైము రాసుకున్నాను. పుస్తకం అట్ట చేతికి గోరువెచ్చగా తగిలింది. రేకుల షెడ్డు కదా అనుకున్నాను. డ్రైవరు వైపు అద్దం దించి తలుపులన్నీ వేశాను. బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీసి, ఆ తీగకీ బ్యాటరీకీ మధ్య మీటరు పెట్టాను. కారు ఆగి ఉన్నప్పుడు ఎంత తాగుతోందో అప్పుడు మీటరు చెబుతుంది. గడియారానికీ స్టీరియో జ్ఞాపకానికీ కొద్దిగా పోవడం సహజం. అంతకు మించి పోతే దొంగ ఉన్నట్టు.

మీటరు 0.03 ఆంపియర్లు చూపించింది. ఆ లెక్కన నెలరోజులు కదపకుండా ఉంచినా కారు స్టార్టు కావాలి.

పుస్తకంలో రాశాను. గంట ఆగి మళ్ళీ చూశాను. అదే అంకె. లోపలి దీపాలన్నీ ఒక్కొక్కటీ పరీక్షించాను. నడినెత్తిన దీపం సరే. డిక్కీ దీపం సరే. డాష్‌బోర్డు అరలో దీపానికి మూత ఆనుకునే చిన్న బొడిపె ఉంటుంది. దాన్ని వేలితో నొక్కితే దీపం ఆరింది, వదిలితే వెలిగింది. అదీ సరే. ఒక్కొక్కదాని ఎదురుగా టిక్కు పెట్టి, పుస్తకం మళ్ళీ అరలో పెట్టి మూశాను. మూత కొంచెం బిగువుగా పడింది, అరచేత్తో నెట్టాను.

మూడు రోజులకి కారు చచ్చింది.

ఊరి ఆ చివర జుగ్సలాయిలో, గోదాముల సందులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. ఇచ్ఛాపురం అవతల ఒడిశా తెలుగువాడు, యాభై దాటినవాడు. నన్ను బాబాయ్ అంటాడు. బ్యాటరీ నింపుకుని, లారీల మధ్య గంటసేపు కారు తోలుకుంటూ అతని దగ్గరికి వెళ్ళాను. అతనికి మీటరు మీద నమ్మకం లేదు. బ్యాటరీ తీగకి మధ్యలో చిన్న బల్బు కడతాడు. బల్బు వెలిగితే కరెంటు పోతున్నట్టు, వెలగకపోతే లేనట్టు. నేను పుస్తకం చంకలో పెట్టుకుని పక్కనే నిలబడ్డాను, అతను చెప్పింది రాసుకోవడానికి.

బల్బు వెలగలేదు.

"బాబాయ్, మీ కారు నన్ను సూత్తే మంచిదైపోతాది. బడిలో మాస్టారిని సూసినట్టు."

"మరి ఇంటికెళ్తే ఎందుకు చస్తోంది?"

"అది మీ ఇంటినే అడగాల." నవ్వి, డాష్‌బోర్డులోకి తల దూర్చాడు. "ఈ స్టీరియో బయటది పెట్టించినారు కదా? నాకు దీనిమీదే షక్కు. కభీ తాగుతాది, కభీ తాగదు. ఒక పాలి తీసేద్దుమా?"

అనుమానం మీద వైరు తీయడం నా పద్ధతి కాదు. కానీ నా పద్ధతి నాకేమీ చూపించలేదు. సరే అన్నాను. స్టీరియో వైరు తీసేశాడు.

ఆ వారం కారు నాలుగో రోజున స్టార్టయింది. ఆరో రోజునా అయింది. గురువారం మా ఆవిడను సాక్చి తీసుకెళ్ళి తెచ్చాను. నా సంతోషం ఇంతా అంతా కాదు. ఆ వారమంతా కారు పుస్తకం ఇంట్లో నా బల్లమీద ఉంది, అంకెలన్నీ పట్టిక వేసి డైరీలోకి ఎక్కిస్తున్నాను. పని పూర్తయ్యాక పుస్తకంలో ఎర్ర సిరాతో రాశాను: "దోషం స్టీరియోలో. తొలగించడమైనది." కింద గీత గీసి సంతకం పెట్టి, పుస్తకాన్ని తీసుకెళ్ళి అరలో పెట్టాను.

మూడు రోజులకి కారు చచ్చింది.

కార్ఖానాలో ఒక పద్ధతి ఉండేది. స్విచ్చి ఆపినవాడు తన పేరున్న కార్డు దానికి వేలాడదీయాలి. ఆపాననుకోవడం చాలదు, కార్డు ఉండాలి. నేనూ అట్ట ముక్కలు కత్తిరించి దారాలు కట్టాను. కారు ఆపాక ఒక్కొక్క స్విచ్చి వైపూ వేలు చూపించి, "హెడ్‌లైటు ఆపాను, పార్కింగు లైటు ఆపాను" అని పైకే చెప్పి, స్టీరింగుకి కార్డు వేలాడదీసి, టైము వేసి సంతకం చేసేవాణ్ణి. నేను మరిచిపోవడం లేదని నాకు నేను సాక్ష్యం తయారు చేసుకుంటున్నాను. మేడమీంచి చూసేవాళ్ళకి మాత్రం ముసలాయన కారుతో మాట్లాడుతున్నట్టు కనిపించింది.

శుక్రవారం సాయంత్రం అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది.

"నాన్నా, మా స్కూల్లో ఒకాయనకి కారు కావాలంట. ఆదివారం చూడ్డానికి వస్తాడు."

"మన కారా?"

"గురువారాలు అమ్మని నేను కారు బుక్ చేసి పంపిస్తాను. నువ్వు టెన్షన్ తీసుకోకు." నా చేతిలోని అట్ట కార్డు తీసి పక్కన పెట్టింది. "ఇవాళ లైటు మరిచిపోయావు, ఫర్వాలేదు. రేపు రోడ్డుమీద బ్రేకు మరిచిపోతే?"

"నేను మరిచిపోలేదమ్మా."

"పెదనాన్న కూడా అలాగే చెప్పేవాడు."

ఆ రోజు డైరీలో లైట్ల వాక్యం రాయబోయి, కలం ఆపేసి, పేజీ అలాగే వదిలేశాను.

కార్డులు పెట్టినా మళ్ళీ చచ్చిన బ్యాటరీ శనివారం పొద్దునకి నిండింది. ఆఖరిసారి చూద్దామని మీటరు పట్టుకుని బయల్దేరాను. ఈసారి ఫ్యూజులు ఒక్కొక్కటీ లాగి చూడాలి. లాగడానికి ఒకరు, మీటరు చూడ్డానికి ఒకరు కావాలి. మా ఆవిడ కర్ర పొడుచుకుంటూ వచ్చి బానెట్ ముందు స్టూలు మీద కూలబడింది. నేను అలవాటుగా ఎడమ తలుపు వైపు తిరిగాను, పుస్తకం కోసం.

"ఎక్కడికండీ?"

"పుస్తకం. రాసుకోవాలి కదా."

"మీరు గీతలు గీసి, టైములేసి, సంతకాలెట్టీసరికి నా మోకాలు బిగిసిపోతాది. ఈ పాలికి పుస్తకం ఒగ్గేయండి. ఆ అంకెలేటో సెప్పండి, నాను గుర్తెట్టుకుంటాను."

ఆవిడ మామూలుగానే అంది. నేను మాత్రం తలుపు దగ్గరే ఆగి ఆవిడ వైపు తిరిగాను. సరే, నువ్వే గుర్తు పెట్టుకో అన్నాను. పుస్తకం అరలోనే ఉండిపోయింది. రెండు వైపులా అద్దాలు దించి, తలుపులు వేసి, తీగ ఊడదీసి, మీటరు కలిపి ఆవిడ ఒళ్ళో పెట్టాను.

"ఎంత?"

"సున్నా, సుక్క, నాలుగు, అయిదు."

"సరిగ్గా చూడు. సున్నా చుక్క సున్నా మూడు ఉండాలి."

"నాకు కళ్ళు మోకాల్లో లేవండీ. నాలుగు, అయిదు."

వంగి చూశాను. 0.45. మూడు రోజుల్లో బ్యాటరీ పీల్చేయడానికి సరిగ్గా సరిపోయే అంకె. ఇన్ని రోజులూ నేను చూస్తే దాక్కున్నది, మా ఆవిడ ఒళ్ళో కూర్చుని తాపీగా తాగుతోంది. ఆ క్షణంలో నాకు భయమూ లేదు, అమ్మకమూ గుర్తులేదు. పాము తోక కనిపించినవాడిలా ఉన్నాను. అయినా ఇది రాసుకోకపోతే ఎలా? పుస్తకం ముట్టనని ఒప్పుకున్నవాణ్ణే, చెయ్యి ఊరుకోలేదు. ఎడమ కిటికీలోంచి వంగి అర తెరిచి, పుస్తకం లాగి, మూత వేశాను.

"అయ్యో, తగ్గిపోనాదండీ!"

"ఏమిటి తగ్గింది? నేనింకా ఫ్యూజు ముట్టుకోలేదే."

"నాకేటి తెలుసు? సున్నా సుక్క సున్నా మూడు అయిపోనాది. మీరేటి సేసినారు?"

నేనేం చేశాను? పుస్తకం తీశాను. చేతిలో పుస్తకం అట్ట వెచ్చగా ఉంది. ఎండ ఇంకా షెడ్డులోకి రాలేదు. రేకులు చల్లగానే ఉన్నాయి.

మళ్ళీ వంగి, అర తెరిచి, పుస్తకం లోపల పెట్టి, మూతను ఎప్పటిలాగే అరచేత్తో నెట్టి మూశాను.

"ఇప్పుడు?"

"నాలుగు, అయిదు."

తీశాను.

"సున్నా, మూడు."

పెట్టాను.

"నాలుగు అయిదు. ఏటండీ, గారడీ సేత్తన్నారా?"

గారడీయే. కొత్త రిజిస్టరు గట్టి అట్ట, లోపలినుంచి మూతను గోరంత బయటికి తోస్తోంది. గొళ్ళెం పడుతుంది, మూత మూసినట్టే కనిపిస్తుంది. కానీ ఆ బొడిపె పూర్తిగా నొక్కుకోదు. దీపం లోపల వెలుగుతూనే ఉంటుంది. కారు మీద గుడ్డ కప్పి ఉంచుతాం కాబట్టి ఆ గోరంత సందులోంచి వచ్చే వెలుగు ఎవరికీ కనబడదు. వెలిగి వెలిగి మూడో రోజుకి బ్యాటరీని తాగేస్తుంది. ఇక నేను పరీక్షకి వచ్చిన ప్రతిసారీ ముందుగా చేసే పని ఏమిటి? రాసుకోవడానికి పుస్తకం బయటికి తీయడం. జుగ్సలాయిలోనూ అది నా చంకలోనే ఉంది. స్టీరియో తీసిన వారం నా బల్లమీద ఉంది. దోషం తొలగిందని ఎర్ర సిరాతో రాసి, దోషాన్ని తీసుకెళ్ళి మళ్ళీ అరలో పెట్టి మూసింది నేనే.

మా ఆవిడకి చెప్పాను. ఆవిడ మొదట నమ్మలేదు, తరవాత నవ్వడం మొదలుపెట్టింది. ఒళ్ళో మీటరు కదిలిపోయేంత నవ్వు.

"అట్ట గట్టిగా ఉండాలని ఏరికోరి తెప్పించింది నానే కదండీ!"

"పసుపు రాసింది కూడా నువ్వే."

"ఆ విశ్వకర్మ దేవుడు మూడేసి రోజులు దీపం ఎట్టించుకున్నాడన్నమాట."

అప్పుడు నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. కార్ఖానాలో పుస్తకం యంత్రం దగ్గరే ఉండేది, నిజమే. కానీ యంత్రం లోపల ఎప్పుడూ పెట్టలేదు. పక్క స్తంభానికి మేకు కొట్టి, దారంతో వేలాడదీసేవాళ్ళం. ఆ నియమంలో సగమే ఇంటికి తెచ్చుకున్నాను. మరిచిపోయానంటే ఆ సగమే మరిచిపోయాను.

అంకెలు చెబితే అమ్మాయి నమ్మదు. అంకెలు నేను చాలా చెప్పి ఉన్నాను. పైగా మూసిన అరలో దీపం వెలుగుతోందో ఆరిందో నాకే కళ్ళారా చూడాలనిపించింది. తెరిస్తే ఎలాగూ వెలుగుతుంది, మూస్తే కనబడదు. కాసేపు ఆలోచించి ఫోను వీడియోలో పెట్టి, కెమెరా దీపం వైపు ఉండేలా పుస్తకం మీద ఆనించి, మూత వేశాను. కొంతసేపయ్యాక ఫోను బయటికి తీశాను. తరవాత పుస్తకం లేకుండా ఇంకో వీడియో తీశాను.

అమ్మాయి కిందికి వచ్చింది, తడి జుట్టుకి తువాలు చుట్టుకుని. ఏమీ చెప్పకుండా ఫోను చేతికిచ్చాను. మొదటి వీడియోలో మూత దగ్గరికి వచ్చింది, గొళ్ళెం పడిన చప్పుడు వినిపించింది, దీపం మాత్రం పసుప్పచ్చగా వెలుగుతూనే ఉంది. ఆ వెలుగులో రిజిస్టరు మూల, దానిమీద వాళ్ళమ్మ రాసిన పసుపు.

"యే క్యా హై?"

"కరెంటు దొంగ. రెండోది చూడు."

చూసింది. నేను ఒక్కటీ దాచకుండా మొత్తం చెప్పాను, ఎర్ర సిరా సంగతితో సహా. విని, మొదటి వీడియో మళ్ళీ పెట్టుకుని చూసింది. తరవాత, "తో లైట్ జల్తా హీ థా నా, నాన్నా. నేను చెప్పింది కరెక్టే," అంది.

"లైటు వెలుగుతూనే ఉంది. నువ్వు చెప్పింది కరెక్టే."

"కానీ నువ్వు మరిచిపోలేదు."

"లేదు. రాసి రాసి చంపాను."

అమ్మాయి ముఖం తిప్పుకుంది. తువాలు అంచుతో కళ్ళు తుడుచుకుందో, జుట్టు తుడుచుకుందో నాకు తెలియదు. అక్కడే నిలబడి స్కూలు ఆయనకి ఫోను చేసింది. "నహీ సర్, గాడీ ఠీక్ హో గయీ. పాపా చలాయేంగే," అంది. కారు బాగైంది, నాన్నే నడుపుతారని. బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు నేను పాపానే.

షెడ్డు స్తంభానికి మేకు కొట్టాను. పుస్తకానికి చిల్లు చేసి దారం కట్టాను. మర్నాటి ఆదివారం కొనేవాళ్ళెవరూ రాలేదు. గురువారం వచ్చింది, తాళం తిప్పాను, ఇంజను మొదటిసారికే అందుకుంది. మా ఆవిడ కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని, అయితే పదండి అన్నట్టు తలూపింది.

ఆ రెండో వీడియో నా ఫోనులో ఇంకా ఉంది. అప్పుడప్పుడూ పెట్టుకుని చూస్తాను. మూత వస్తుంది, వెలుగు సన్నటి గీతైపోతుంది, ఆరిపోతుంది. ఆ తరవాత అంతా చీకటి, ఏమీ కనబడదు. చీకట్లో మూత అవతలినుంచి మా ఆవిడ గొంతు వినిపిస్తుంది.

"ఆరిందేటండీ?"

"ఉండు. చూస్తే గాని చెప్పలేం."